సంబంధం గడిలో అక్క లేదు

విదేశీ ప్రయాణ అనుమతుల అధికారి గారి సముఖమునకు,

ఇదే కార్యాలయం మెట్ల కింద ముప్పై ఏళ్ళుగా టైపు మిషను పెట్టుకుని ఊరందరికీ అర్జీలు రాసిపెడుతున్న మనిషి, తన కోసం తాను రాసుకున్న విన్నపం.

అయ్యా,

విషయం: విదేశంలో మంచాన పడి ఉన్న మా అక్క దగ్గర ఏడాదిపాటు ఉండుటకు ప్రయాణ అనుమతి కోరుట – అయిదుసార్లు తిరస్కరించబడుట – ఆరోసారి కోరుట – గురించి.

సూచిక: నా అయిదు దరఖాస్తులు, వాటికి తమరు పంపిన అయిదు తిరస్కరణ పత్రాలు. అయిదింటి మీదా తమ సంతకం చక్కగా ఒకేలా ఉంది. కారణాలకే ఒకదానికొకటి పొంతన లేదు.

పై విషయమును పురస్కరించుకుని తమరికి విన్నవించుకొనునది ఏమనగా:

1. నా వయసు యాభై నాలుగు. మా అక్కకి అరవై అయిదు. నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మ చనిపోయింది. నాన్న అంతకు రెండేళ్ళ ముందే ఇల్లు వదిలి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. అప్పటికి అక్కకి పదిహేడు. బట్టల దుకాణం వెనక గదిలో కూర్చుని చొక్కాలకి గుండీలు, కాజాలు కుడుతూ నన్ను బడికి పంపింది, తర్వాత టైపు నేర్పించింది. నేను టైపు పరీక్ష పాసైన ఏడాదే విదేశంలో రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో పని దొరికితే వెళ్ళింది. ముప్పై మూడేళ్ళు అక్కడే కత్తిరింపు బల్ల దగ్గర నిలబడింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, “ఒక పిల్లని పెంచానుగా, ఆ సరదా తీరిపోయింది” అనేది. ఆ పిల్లని నేనే.

2. ఎనిమిది నెలల క్రితం ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. వాటితోపాటు ముప్పై మూడేళ్ళుగా మాట్లాడిన ఆ దేశపు భాష మొత్తం పోయింది. చిన్నప్పటి మన భాష ఒక్కటే మిగిలింది. అలా జరుగుతుందని డాక్టర్లే చెప్పారు. ఇప్పుడు ఆమెను ఉంచిన సంరక్షణ గృహంలో మన మాట తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. నీళ్ళు అడిగితే దుప్పటి కప్పారు. దుప్పటి తీయమంటే కిటికీ మూశారు. కిటికీ తెరవమని ఏడిస్తే నొప్పి అనుకుని మత్తు సూది పొడిచారు. ఇది నేను అలంకారం కోసం రాయడం లేదు. అక్కడి నర్సమ్మ ఒకామె నాకు ఫోన్ చేసి చెప్పిన సంగతి.

ఆ నర్సమ్మ మంచిది. వచ్చీరాని ఇంగ్లీషులో ఆమె, వచ్చీరాని ఇంగ్లీషులో నేను మాట్లాడుకుని పంతొమ్మిది మాటలు నేర్పాను. నీళ్ళు, నొప్పి, చలి, వేడి, వద్దు, చాలు, ఇటు తిప్పు – ఇలాంటివి. ఆమె వాటిని తన లిపిలో రాసుకుని మంచం పక్క గోడకి అంటించుకుంది. ఒకరోజు అడిగింది: “పిచ్చుక అంటే ఏమిటి? ఈమె గదిలోకి ఎవరొచ్చినా ఆ పేరుతోనే పిలుస్తోంది. నేను కూడా పలుకుతున్నాను.” ఒక చిన్న పిట్ట అని మాత్రం చెప్పాను. అది చిన్నప్పుడు అక్క నన్ను పిలిచిన పేరు.

ఇంటివాళ్ళెవరైనా వచ్చి పగలూ రాత్రీ కూడా ఉంటే గదిలో మడత మంచం వేస్తామని ఆ గృహంవారు ఒప్పుకున్నారు. ఆ దేశంవారు ఏడాది వీసా ఇచ్చారు. ఇచ్చేముందు ఫోన్‌లో నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఆమె మాట మీకు అర్థమవుతుందా?” అర్థమవుతుందన్నాను. అంతే. వచ్చే నెల ఇరవై ఎనిమిదో తేదీలోగా నేను ఆ దేశంలో అడుగు పెట్టాలి. పెట్టకపోతే వీసా రద్దవుతుంది, మళ్ళీ మొదటినుంచీ మొదలు. ఇవాల్టికి ముప్పై మూడు రోజులున్నాయి. పరాయి దేశం తలుపు తీసింది. నా దేశం నన్ను గడప దాటనివ్వడం లేదు. తమ అనుమతి పత్రం లేనిదే ఇక్కడ విమానం ఎక్కనివ్వరు.

3. మొదటి దరఖాస్తు సంగతి. కరోనా పరీక్ష చేయించుకుని డెబ్బై రెండు గంటలు దాటని పత్రం జతచేయాలని తమ నాలుగో నిబంధన. జనం చేతులు తాకిన కాగితం గనుక, గేటు దగ్గరి నీలం డబ్బాలో పడిన ప్రతి దరఖాస్తునూ డెబ్బై రెండు గంటలు ఎవరూ ముట్టుకోరాదని తమ తొమ్మిదో నిబంధన. రెండూ ఒకే గోడ మీద, ఒకే గాజు పలక కింద ఉన్నాయి. అంటే నా పత్రం డబ్బాలో కూర్చునే కాలం చెల్లిపోతుంది. డబ్బా తెరిచి, కాలం చెల్లిందని రాసి, నాకు తిప్పి పంపుతారు. గేటు కాపలా అతనికి ఈ సంగతి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను.

“కాగితానికి కూడా క్వారంటైనేనమ్మా,” అన్నాడు.

“మరి లోపల ఉన్న పరీక్ష కాగితం చచ్చిపోతుంది కదయ్యా.”

“నన్నడిగితే ఏం లాభమమ్మా? నేను తాళం వేసేవాణ్ణి. రూలు రాసినాయన పై అంతస్తులో ఉంటాడు.”

పై అంతస్తులో ఉండేది తమరే. మెట్లు ఎక్కనివ్వలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ మెట్ల కిందే కూర్చుంటున్నదాన్ని, ఒక్క మెట్టు ఎక్కడానికి అనుమతి లేదన్నారు.

4. రెండోసారి బతిమాలి, దరఖాస్తు డబ్బాలో వేయకుండా నేరుగా మూడో కిటికీలో ఇవ్వడానికి ఒప్పించుకున్నాను. ఇచ్చేముందు కాగితాలు శుభ్రం చేయాలని కాపలా అతను వాటి మీద మందు చల్లాడు. ఆస్పత్రివారి ఊదారంగు సీలు నా కళ్ళముందే కరిగి కాగితమంతా పాకింది. తొమ్మిది రోజుల తర్వాత వచ్చిన జవాబు: “సీలు అస్పష్టముగా ఉన్నందున తిరస్కరించడమైనది.” చల్లినది తమ మనిషి. అస్పష్టమన్నదీ తమ మనిషే. మధ్యలో ఒళ్ళు మండినది మాత్రం నాకు.

ముక్కులో పుల్ల ఇప్పటికి అయిదుసార్లు పెట్టించుకున్నాను. పరీక్ష చేసే అమ్మాయి నన్ను చూడగానే “మళ్ళీ వచ్చారా పిన్నిగారూ” అని తనే కుర్చీ వేస్తోంది. టీకాలు రెండూ అయ్యాయి. నాకు ఏ రోగమూ లేదని అయిదు కాగితాలు చెబుతున్నాయి.

5. ఇప్పుడు రాసేది నా తప్పు. దాచను.

ఎవరు అర్జీ రాయించుకోవడానికి వచ్చినా నేను ముందు అడిగేది, ఆ మనిషి మీకేమవుతారని. పిన్ని అంటే “తల్లి వంటి పిన్ని” అని కొడతాను. పెద్దన్నయ్య అంటే “తండ్రి వంటి అన్నగారు” అని కొడతాను. ఎందుకంటే తల్లి అన్న మాట కనబడితే గుమాస్తా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలోనే పని అవుతుంది. ఇది నా వృత్తి నాకు నేర్పిన కిటుకు. మూడో దరఖాస్తులో, నా చేతి అలవాటు కొద్దీ, “నాకు తల్లి వంటి అక్కయ్య” అని కొట్టాను. మూడో కిటికీ గుమాస్తా గారు దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించబోయి ఆగారు.

“ఇందులో అక్క లేదమ్మా.”

“లేకపోతే రాయండి బాబూ.”

“రాయడానికి ఉండదమ్మా, నొక్కడమే. తల్లి, తండ్రి, భర్త, భార్య, సంతానం. అయిదే గళ్ళు. మీరే రాశారుగా తల్లి వంటి అని. తల్లి నొక్కేస్తున్నా.”

“వద్దు బాబూ, తప్పవుతుందేమో.”

“మరేం నొక్కమంటారు? భర్తా?”

వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేను ఊరుకున్నాను. అయ్యా, నేను కావాలనే ఊరుకున్నాను. తల్లి అని పడితే ఫైలు పరిగెడుతుందన్న ఆశతో నోరు మూసుకున్నాను. ఆ ఒక్క నిమిషం నేను నోరు తెరిచి ఉంటే బాగుండేది.

ఫైలు నిజంగానే పరిగెత్తింది. నాలుగు రోజుల్లో జవాబు: “దరఖాస్తుదారు తల్లి నలభై ఎనిమిది సంవత్సరముల క్రితమే మరణించినట్లు రికార్డులు తెలుపుచున్నవి. మరణించిన వ్యక్తికి సంరక్షణ అవసరము లేదు. మరియు పేర్కొన్న తల్లికిని దరఖాస్తుదారుకును పదకొండు సంవత్సరముల వ్యత్యాసమే యున్నది. కావున తిరస్కరించి సంజాయిషీ కోరడమైనది.” మా అమ్మ పోయిన సంగతి తమ కార్యాలయం నాకు తెలియజేసింది. సంతోషం. పదకొండేళ్ళ పిల్ల నన్ను ఎలా కన్నదో సంజాయిషీ ఇవ్వమంది. కనలేదు, పెంచింది అని రాసి ఇచ్చాను. ఆ సంజాయిషీకి ఈనాటికీ జవాబు లేదు.

6. నాలుగోసారి, కంప్యూటర్ ఊసు లేకుండా, చేతి రాతతో, పెద్ద అక్షరాలతో “అక్క” అని మాత్రమే రాశాను. జవాబు: “అక్క అర్హమైన సంబంధము కాదు. పైపెచ్చు మునుపు తల్లియనియు ఇప్పుడు అక్కయనియు తెలిపినందున దరఖాస్తుదారు విశ్వసనీయత సందేహాస్పదము.”

తమ జాబితా ప్రకారం చూస్తే, తల్లీ తండ్రీ లేక, పెళ్ళి కాక, పిల్లలు లేక, చెల్లెల్ని పెంచుకున్న మనిషికి ఈ లోకంలో ఎవరూ లేనట్టే. ఆమె చావు కబురు వస్తే తీసుకోవడానికైనా నేను అర్హురాలినో కాదో తమరు తెలుపవలెను. నాకు కోపంగా ఉంది. అర్జీలో కోపం రాయకూడదని వచ్చినవాళ్ళందరికీ ముప్పై ఏళ్ళుగా నేనే చెప్పాను. ఇప్పుడు రాస్తున్నాను.

7. అయిదోసారి తమ నిబంధనల చివర చిన్న అక్షరాల్లో ఉన్న “మానవతా దృక్పథం” అనే పేరా కింద అడిగాను. దాన్ని తిరస్కరిస్తూ తమరు కోరినది: “రోగి ఇంకను ఎంత కాలము జీవించునో తెలుపు వైద్యుని ధ్రువపత్రము. ఆరు నెలలకు మించి జీవించు పక్షమున ప్రయాణము అత్యవసరమని భావింపజాలము. ఆరు నెలల లోపు అయినచో, ఏడాది కాలము ఉండవలసిన ఆవశ్యకత ఏమియో తెలుపవలెను.”

ఈ కాగితం నేను మెట్ల కింద నా మిషను మీద పెట్టుకుని మూడుసార్లు చదివాను. పక్కన రేషన్ కార్డు అర్జీ రాయించుకుంటున్న పెద్దాయన “ఏమైందమ్మా, నా కాగితం ఆపేశారు” అన్నాడు. ఆయన అర్జీలో పేరు తప్పు కొట్టాను. మళ్ళీ కొత్త కాగితం పెట్టి కొట్టాను.

అయ్యా, మా అక్క ఎప్పుడు చచ్చిపోతుందో డాక్టరు చేత రాయించుకురమ్మంటారా? త్వరగా పోతుందంటే వెళ్ళనిస్తారు, కానీ ఎక్కువ రోజులు ఉండకూడదు. బతుకుతుందంటే అసలు వెళ్ళకూడదు. ఆమె బతికి ఉండడం నా దరఖాస్తులో లోపమా? నేను చావు చూడటానికి వెళ్ళడం లేదు. నీళ్ళు అడిగితే నీళ్ళు ఇవ్వడానికి వెళుతున్నాను. దానికి ఏడాది కావాలి. ఏడాది చాలకపోతే ఇంకో ఏడాది అడుగుతాను. తమ పత్రంలో ఆ ఆరు నెలల షరతు రాసిన చెయ్యి ఎవరిదో నాకు తెలియదు, కింద సంతకం పెట్టిన చెయ్యి మాత్రం తమది.

8. నా వైపునుంచి జరగవలసిన ఏర్పాట్లన్నీ పూర్తయ్యాయని తెలియజేయడమైనది. పెట్టె అయిదు నెలలుగా గుమ్మం పక్కనే ఉంది. వేసవి బట్టలు సర్దినదాన్ని, ఆలస్యమై, విప్పి చలి బట్టలు సర్దాను. పార్సిల్ ఆఫీసు కాటా మీద పెట్టి తూకం సరిచూసుకున్నాను. నా టైపు మిషను ఏడాదిపాటు చూసుకోవడానికి పక్క బల్ల ఆవిడ ఒప్పుకుంది. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళకి పొయ్యి వెలిగించడం నేర్చుకున్నాడు. డబ్బాల మీద ఉప్పు, పంచదార అని చీటీలు అంటించాను. మొన్న చీటీ చదవకుండా కాఫీలో ఉప్పు వేసుకుని, పైకి ఏమీ అనకుండా మొత్తం తాగాడు. నేను కనిపెట్టి అడిగితే, “నువ్వు నిశ్చింతగా వెళ్ళాలి కదా” అన్నాడు. ఆ మనిషికి ఉన్న మానవతా దృక్పథం తమ చివరి పేరాలో లేదు.

9. ఇక చివరిది. ఇది రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను.

ఆరేళ్ళ క్రితం తమరు ఈ ఊళ్ళో లేరు. దూరాన ఒక చిన్న కార్యాలయంలో పని చేస్తుండేవారు. సెలవు పెట్టి వచ్చి, మెట్ల కింద నా ముందు ముక్కాలి పీట మీద కూర్చున్నారు. ఈ ఊరికి బదిలీ కోరుతూ అర్జీ రాసిపెట్టమన్నారు. తమరిని పెంచిన మేనత్తగారు మంచాన పడ్డారనీ, చూసుకోవడానికి వేరే ఎవరూ లేరనీ చెప్పారు. మేనత్త అంటే ఫైలు కదలదు సార్, “తల్లి వంటి మేనత్త” అని కొడతానన్నాను. తమరు కళ్ళు తుడుచుకుని ఏమన్నారో నాకు గుర్తుంది. “అబద్ధమేం కాదండీ. నిజంగా అమ్మే.”

బదిలీ ఇరవై రోజుల్లో వచ్చింది. ఆ రోజు తమ మేనత్తగారికీ తమకూ వయసు తేడా ఎంతని ఎవరూ లెక్క కట్టలేదు. ఆవిడ ఎన్నాళ్ళు బతుకుతారో కాగితం తెమ్మనలేదు. అలా అడిగి ఉంటే తమకంటే ముందు నేనే మండిపడి ఉండేదాన్ని.

ప్రతి అర్జీకీ కార్బన్ ప్రతి తీసి పెట్టుకోవడం నా అలవాటు. తమది కూడా ఉంది. ఇది బెదిరింపు కాదని మనవి. నా బల్ల దగ్గరికి వచ్చినవారి కాగితం ఇంకొకరికి చూపించిన పాపం ఈ ముప్పై ఏళ్ళలో ఎరగను. తమది కూడా చూపించను, ఈ అర్జీకి జతపరచనూ లేదు. తమరు మరచిపోయినట్టున్నారని గుర్తు చేస్తున్నాను, అంతే. మాస్కు వేసుకుని వరసలో నిలబడిన నన్ను తమరు పోల్చుకోలేకపోయి ఉండవచ్చు. కారు దిగుతున్న తమరిని మాస్కు పైన కళ్ళు చూసి నేను పోల్చుకున్నాను. మేనత్తగారు ఎలా ఉన్నారని అడగబోయాను. కాపలా అతను ఆరడుగుల దూరం ఉండమన్నాడు.

కావున తమరిని కోరునది:

(అ) సంబంధం గడిలో “అక్క” అని చేర్చవలెను. కుదరకపోతే “పెంచిన మనిషి” అని ఒక గడి పెట్టవలెను. అది నాకూ పనికివస్తుంది, తమకూ పనికివచ్చేది.

(ఆ) నీలం డబ్బాలో కాగితం ఎన్ని గంటలు ఉంటే పరీక్ష పత్రానికి అన్ని గంటలు కలపవలెను. ఈ లెక్క తమ కార్యాలయంలో ఎవరికీ రాకపోతే నేను మెట్ల కిందే ఉంటాను, పిలిపించవలెను.

(ఇ) మా అక్క ఎంత కాలం బతుకుతుందన్న ప్రశ్నను తమ రికార్డుల నుండి కొట్టివేయవలెను. మరెవరినీ అడగకూడదు.

(ఈ) ఇరవై ఎనిమిదో తేదీలోగా నన్ను వెళ్ళనివ్వవలెను.

ఈ అర్జీ డబ్బాలో వేయడం లేదు. రేపు పొద్దున తమ కారు ఆగేచోట నిలబడి, ఆరడుగుల దూరం నుంచే చెయ్యి చాచి ఇస్తాను. మందు చల్లినా చెదరకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టాను.

పై సంగతులన్నీ తమ చిత్తానికి విన్నవించుకున్నాను, చిత్తగించవలెను. చిత్తగించే తీరిక లేకపోతే తొమ్మిదో పేరా ఒక్కటైనా చదవవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
మెట్ల కింద టైపు ఆవిడ

తాజా కలం: పై సంతకం చేసి కాగితం మడవబోతుంటే ఫోన్ వచ్చింది. నర్సమ్మ ఫోన్ అక్క చెవి దగ్గర పెట్టింది. ఈ మధ్య అక్క ఫోన్‌లో మూలగడమే గానీ మాట్లాడటం లేదు. ఇవాళ మాట్లాడింది.

“ఏమే పిచ్చుకా, బడి వదిలి ఎంతసేపయిందే? చీకటి పడుతోంది. ఇంకా ఇంటికి రాలేదేం?”

“దారిలో ఉన్నానక్కా,” అన్నాను.

“తొందరగా రా. తలుపు గడియ పెట్టలేదు, తోసుకుని వచ్చెయ్.”

అయ్యా, మా అక్కతో నేను ఎన్నడూ అబద్ధమాడలేదు. ఇవాళ దారిలో ఉన్నానని చెప్పాను. నేను ఇంకా తమ మెట్ల కిందే ఉన్నాను.